ఎదురింటాయన నాన్నగారి విమానం

శనివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు రీసైక్లింగ్ బండి మా వీధి మలుపు తిరిగింది. మామూలుగా అది శుక్రవారం వస్తుంది. ఆ వారం సోమవారం సెలవు కావడంతో ఒక రోజు వెనక్కి జరిగింది. నీలం డబ్బా ఇంకా గరాజ్‌లోనే ఉందని బండి చప్పుడు విన్నాకే గుర్తొచ్చింది. చెప్పులు వేసుకోకుండానే బయటికి వచ్చాను. డబ్బా బయట పెట్టడం మా ఆయన పని. ఆయన పోయి పన్నెండు రోజులైంది.

డబ్బాను డ్రైవ్‌వే మీద లాక్కుపోతుంటే మా చర్చి సెక్రటరీ కారు వచ్చి ఆగింది. ముప్పై అయిదేళ్ల మనిషి. వారమంతా ఒక బ్యాంకు ప్రాజెక్టులో కాంట్రాక్టర్. శని ఆదివారాల్లో మా తెలుగు సంఘానికి మైకులు, కుర్చీలు, లైవ్ కెమెరా చూసుకుంటాడు. ఆ రోజు పదిన్నరకి మా ఆయన జ్ఞాపకార్థ కూడిక.

"ఆంటీ, లైఫ్ స్కెచ్ పేపర్ ఇస్తారా? ఒకసారి ప్రాక్టీస్ చేస్కుంటా. హ్యాండ్‌రైటింగ్ అయితే నేను కొంచెం స్లో."

"టేబుల్ మీద బ్లూ ఫోల్డర్‌లో ఉంది నాయనా. ఈ డబ్బా పెట్టేసి వస్తా."

"మీరు కానివ్వండి, నేనే తీస్కుంటా."

లోపలికి వెళ్లి, కాగితాలు చేతిలో పట్టుకుని వచ్చాడు. బండి మా డబ్బాను ఎత్తి కుమ్మరించి ఖాళీగా దించింది. అతను చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. నేను లోపలికి వచ్చి కాఫీ పెట్టుకున్నాను. ఫోల్డర్‌లో ఏం మిగిలిందో చూడలేదు.

మావాళ్లలో ఎవరైనా పోతే కూడికలో జీవిత విశేషాలని ఒక కాగితం చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం పొందారు, ఏం చదివారు, ఎవరిని పెళ్లాడారు, ఎలా ప్రభువునందు నిద్రించారు. అమెరికాలో మేముండే ఈ క్యారీ ఊళ్లో మా సంఘం మొదలైనప్పటి నుంచి ఆ కాగితాలు రాసింది మా ఆయనే. పోయినవాళ్లలో చాలామంది ఇక్కడి వాళ్లు కాదు. ఇక్కడున్న వాళ్ల అమ్మానాన్నలు, మేనమామలు. ఆయన ఫోన్‌లో ఒక్కో కుటుంబాన్ని గంటసేపు ప్రశ్నలు అడిగి రాసేవారు.

ఆయన ముప్పై ఏళ్లు మందుల కంపెనీలో రికార్డులు సరిచూసే పని చేశారు. అక్కడ ఎవరి కళ్ల ముందూ జరగనిది రాయకూడదు. తప్పు రాస్తే దిద్దకూడదు, చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం చేసి, తేదీ వేయాలి. మనుషుల గురించీ అలాగే రాశారు. "మా అమ్మ గొప్ప ప్రార్థనాపరురాలు అంకుల్" అని ఎవరైనా అంటే, "ఎన్నింటికి లేచేవారమ్మా?" అని అడిగేవారు. నాలుగింటికి అంటే నాలుగింటికి లేచేవారని రాసేవారు. తెలియదంటే వదిలేసేవారు. సంవత్సరాలు వాక్యాల్లో ఉండవు, ఎడమ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఉంటాయి. పేరు చోట ఖాళీ ఉంచేవారు. కుటుంబం చూసి ఒప్పుకున్నాకే పేరు. చివర్లో ఆ మనిషి చేసిన తప్పు ఒకటి రాసేవారు. తప్పు లేకపోతే చదివేది మనిషి గురించి కాదని ఆయన అనేవారు. ఇన్నేళ్లలో ఒక్క కుటుంబమూ ఆ లైను ఉండనివ్వలేదు. ఆయన నొచ్చుకోకుండా గీత కొట్టి, సంతకం చేసి, తేదీ వేసేవారు.

ఆయనకి నేను రాశాను. పదకొండు లైన్లు. తొమ్మిదోది ఇది: "సొంత తమ్ముడితో పదహారేళ్లు మాట్లాడలేదు."

వాళ్ల నాన్నగారి సమాధి రాయి దగ్గర వచ్చిన గొడవ అది. కాకినాడలో ఉన్న తమ్ముడు రాయి మీద "ప్రార్థనాపరుడు" అని చెక్కించాడు. మా ఆయన ఫోన్ చేసి, "నాన్న ఎప్పుడు ప్రార్థన చేశాడ్రా? భోజనం ముందు కూడా నువ్వు చెయ్యి అనేవాడు" అన్నారు. రాయి చెక్కడం అయిపోయిందని తమ్ముడన్నాడు. అయితే ఒక గీత కొట్టించమన్నారు ఈయన. నాన్న సమాధి మీద గీత కొట్టించమన్న అన్నతో తమ్ముడు మళ్లీ మాట్లాడలేదు. ఈయనా మాట్లాడలేదు. ఏటా క్రిస్మస్‌కి ఫోన్ చేతిలోకి తీసుకుని, చూసి, పెట్టేసేవారు.

నేను రాసింది ఫోటో తీసి పాస్టరు గారికి పంపాను. శుక్రవారం ఆయన ఫోన్ చేశారు.

"అంతా బావుందమ్మా. ఆ తొమ్మిదో లైను ఒక్కటి... అవసరమంటారా? లైవ్ పెడుతున్నాం. కాకినాడలో వాళ్లు కూడా చూస్తారు."

"వాళ్లు వినాలనే రాశానండి."

"ప్రార్థన చేసి నిర్ణయం తీసుకోండమ్మా."

"తీసుకున్నానండి."

ఆ ఒక్క లైను పైకి వినబడాలి. ఆ రోజుకి నాకింకేమీ అక్కర్లేదు. ఆయన ఇతరుల కోసం రాసి కొట్టేసుకున్న లైన్లన్నింటి తర్వాత, ఆయన సొంత లైనైనా కొట్టేయకుండా ఉండాలి.

ఇక ఫోల్డర్‌లో ఉన్న రెండో కాగితం గురించి చెప్పాలి. మా ఎదురింట్లో డెబ్బై తొమ్మిదేళ్ల పెద్దాయన ఒంటరిగా ఉంటాడు. ఇళ్లకి ఏసీలు బిగించే పని చేసి రిటైరయ్యాడు. వాళ్ల నాన్న రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఫైటర్ పైలట్. రెండేళ్ల కిందట ఒక సాయంత్రం అట్టపెట్టెలో ఆయన లాగ్‌బుక్, ఉత్తరాలు, వాటికి మేనకోడలు చేసిన ఇంగ్లీష్ అనువాదం తెచ్చి మా వరండాలో పెట్టాడు. మీరు చర్చిలో పోయినవాళ్లకి కాగితం రాస్తారట కదా, మా నాన్నకి ఎవరూ రాయలేదు, అన్నాడు. తండ్రి అంత్యక్రియల్లో పాస్టరు నాలుగు నిమిషాలు మాట్లాడి, అందులో మూడు వాతావరణం గురించి మాట్లాడాడట.

మా ఆయన తను తెలుగులో మాత్రమే రాయగలనన్నారు. ఇంగ్లీష్‌లో ముప్పై ఏళ్లు మాత్రల గురించి రాశాను, మనుషుల గురించి రాయడం రాదన్నారు. తెలుగైనా ఫర్వాలేదు, చదవాల్సినవాళ్లు ఎవరూ బతికి లేరు, అన్నాడు పెద్దాయన.

ఆరు నెలలు పట్టింది. ప్రతి శనివారం ఇద్దరూ వరండాలో కూర్చునేవారు. పెద్దాయన చెప్పడం, మా ఆయన "ఇది మీరు చూశారా, విన్నారా?" అని అడగడం. రాయడం అయ్యాక పేరు రాయడానికి మా ఆయనకి మనసొప్పలేదు. ఒప్పుకోవాల్సిన కొడుకు తెలుగు చదవలేడు కదా అన్నారు. అందుకే ఆ కాగితం పేరు లేకుండా, పైన "జీవిత విశేషాలు" అన్న మాటతో, బ్లూ ఫోల్డర్‌లో ఉండిపోయింది. నేను నా పదకొండు లైన్లను దాని కింద పెట్టాను.

కూడిక ఒక అమెరికన్ చర్చి ఫెలోషిప్ హాల్లో. ఆ రోజు సౌండ్ సరిగా లేదు. సెక్రటరీ ఎనిమిది గంటల నుంచి తీగలు పీకి పెడుతూనే ఉన్నాడు. ప్రాక్టీస్ చేసుకునే తీరిక అతనికి దొరకలేదు. ఎదురింటి పెద్దాయన కోటు వేసుకుని వచ్చి నా వెనక వరసలో కూర్చున్నాడు.

పాటలయ్యాయి. సెక్రటరీ మైకు ముందుకొచ్చి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ మొదలుపెట్టాడు.

"మన ప్రియ సహోదరుడు ఒక బడిపంతులు గారికి ద్వితీయ సంతానంగా జన్మించారు."

మా ఆయన మొదటి సంతానం. వాళ్ల నాన్నది బియ్యం కొట్టు. నేను సగం లేచాను.

"తండ్రి ఆదివారాలు చర్చిలో ఆర్గన్ వాయించేవారు. సహోదరునికి సర్వేయర్ కావాలని ఉండేది. దరఖాస్తు ఇవ్వడానికి వెళ్లి, పొరపాటున పక్క వరుసలో నిలబడి వైమానిక దళంలో చేరానని చెప్పుకునేవారు. దీనికి వేరే సాక్ష్యం లేదు."

ఆ చివరి వాక్యం విన్నాక కూర్చున్నాను. పన్నెండు రోజులుగా ఆ గొంతు వినలేదు. చదువుతున్నది సెక్రటరీయే గానీ మాట్లాడుతున్నది మా ఆయన. ఆపాలని తెలుసు. ఇంకొక్క వాక్యం విని ఆపుదామనుకున్నాను.

పాస్టరు గారు నా వైపు చూశారు. ఆయన కూడా ఆపలేదు. తొమ్మిదో లైను తీయమన్నందుకు కోపంతో మొత్తం మార్చేశాననుకున్నారట. తర్వాత చెప్పారు.

నా పక్క వరసలో ఒకావిడ భర్త చెవిలో అంది, "అంకుల్ ఎయిర్‌ఫోర్స్‌లో చేశారంటండీ. మీకు తెల్సా?"

"అందుకే ఆ డిసిప్లిన్."

"మొదటి పోస్టింగులో విమానం తోక చక్రానికి టైరు లేక ఏడు వారాలు ఎగరలేదు. మూడుసార్లు టైరు వచ్చింది. మూడుసార్లూ లారీ టైరే వచ్చింది. నాలుగోసారి సరైన టైరు వచ్చేసరికి విమానాన్ని వేరే ఊరికి పంపేశారు."

"గవర్నమెంట్ సప్లయ్ అంతే బ్రదర్" అని ఎవరో నిట్టూర్చారు.

"ఆయన మొదటిసారి కాల్చింది సొంత పక్షంవారి బెలూనును. తర్వాత సైకిలు మీద నుంచి పడి భుజం ఎముక విరిగింది. యుద్ధంలో గాయపడినవారికి ఇచ్చే పతకం ఆయనకూ వచ్చింది. పొరపాటని తిరిగి ఇవ్వబోతే, వెనక్కి తీసుకునే ఫారం లేదన్నారు."

నా వెనక పెద్దాయన ముందుకు వంగాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. టైరు, బెలూను, సైకిలు, ఫారం అన్న ఇంగ్లీష్ మాటలు మాత్రం అదే క్రమంలో ఆయనకి వినబడ్డాయి. నేను తిరిగి చూస్తే మాటకొకటి చొప్పున నాలుగు వేళ్లు మడిచి పట్టుకుని ఉన్నాడు.

"సహోదరుడు ఒక శత్రు విమానాన్ని కూల్చారు."

"ఆమెన్!" అన్నాడు ముందు వరసలో ఒక సంఘ పెద్ద. శత్రువు అన్న మాట వినబడితే ఆయన అలవాటుగా అంటాడు.

"అందులో ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ చనిపోయారు. మర్నాడు సైకిలు మీద వెళ్లి చూసి వచ్చారు. లాగ్‌బుక్‌లో ఆ రోజు ఎదురుగా గాలి ఎటు వీచిందో మాత్రమే రాశారు."

స్పీకర్‌లో గురగురమని శబ్దం వచ్చి సర్దుకుంది. లైవ్‌కి ధ్వని వెళ్లడం అప్పుడే మొదలైందని నాకు తర్వాత తెలిసింది.

"తర్వాత ఆయన్ను ఎడారికి పంపారు."

ఇక్కడ జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎడారి మావాళ్లకి తెలిసిన చోటు. "గల్ఫ్‌లో కూడా చేశారన్నమాట" అన్న మాట రెండు మూడు చోట్ల వినబడింది.

"ఒక సాయంత్రం దారి తప్పి, తమదే అనుకుని ఒక స్థావరంలో దిగారు. అది రెండు రోజుల కిందటే అవతలివారి చేతికి పోయింది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. దిగి టీ అడిగారు. టీ ఇచ్చి, తాగాక పట్టుకున్నారు. నిర్బంధంలో ఉంచి, అమెరికా తీసుకొచ్చారు."

"ఇమిగ్రేషన్ ఇష్యూ అయ్యుంటుంది" అని పక్కావిడ భర్త గుసగుసలాడాడు. "స్టేటస్ పోతే డిటెన్షన్ అంటే నరకమే. పాపం, ఎవరికీ చెప్పుకోలేదు చూడు."

"ఈ రాష్ట్రంలోనే తూర్పున వేరుశనగ పొలాల్లో రెండేళ్లు పని చేశారు."

"మనం గ్యాస్ స్టేషన్‌లో చెయ్యలేదా? అలాగే."

"అనంతరం ఇరవై ఆరేళ్లు స్కూలు బస్సు నడిపారు. ఒక్క ప్రమాదమూ జరగలేదు."

స్పీకర్ మళ్లీ గురగురలాడింది. సెక్రటరీ తల ఎత్తి నా వైపు చూశాడు. అతని నుదుటి మీద చెమట. చేతిలో కాగితం ఇంకా కొంచెం ఉంది. మొదలుపెట్టిన జీవిత విశేషాలు మధ్యలో ఆపడం మా సంఘంలో ఎప్పుడూ జరగలేదు. అతను చదివాడు.

"ఆ ప్రభుత్వం యూదులను ఏం చేస్తోందో మీకు తెలుసా అని ఆయన కుమారుడు రెండుసార్లు అడిగాడు. మొదటిసారి, మేము ఆకాశంలో ఉండేవాళ్లం అన్నారు. రెండోసారి జవాబు చెప్పకుండా బయటికి వెళ్లి బస్సు కడిగారు."

మాకు పిల్లలు లేరు. అది సంఘంలో అందరికీ తెలుసు. యూదులు, ప్రభుత్వం, ఆకాశం అన్నీ దాటిపోయి, హాలు మొత్తం కుమారుడన్న మాట దగ్గర ఆగిపోయింది.

"అంకుల్‌కి కొడుకున్నాడా!"

సరిగ్గా అప్పుడు ఎదురింటి పెద్దాయన లేచి నిలబడ్డాడు. కాగితం ముగిసేటప్పుడు కుటుంబసభ్యులు నిలబడటం మా ఆచారం. పొద్దున పార్కింగ్ లాట్‌లో నేనే ఆయనకి చెప్పాను. స్కూల్ బస్ అన్న మాటతో ఆయనకి ఇంకేమీ అనుమానం మిగల్లేదు. కోటు గుండీ పెట్టుకుని, చేతులు కట్టుకుని, అరవై ఎనిమిదేళ్లకి పోయిన మా ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్ల తెల్ల కొడుకుగా నిలబడ్డాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

నేను మైకు దగ్గరకి వెళ్లాను.

"ఇది మా ఆయన రాసింది. ఆయన గురించి రాసింది కాదు" అన్నాను. నా పదకొండు లైన్లు ఇంట్లో ఉన్నాయి, వాటి ఫోటో ఉన్న ఫోన్ కారులో ఉంది. చూడకుండా చెప్పబోతే మొదటి లైను తర్వాత రెండోది గుర్తు రాలేదు. పాస్టరు గారు వెంటనే ప్రార్థన అందుకున్నారు.

భోజనాల దగ్గర అల్యూమినియం ట్రేల ముందు వరుస కట్టారు. ఒక్కొక్కరూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

"అక్కా, అన్నయ్య ఎంత హంబుల్ అక్కా. ఒక్కరోజు కూడా చెప్పలేదు."

"అది ఆయన జీవితం కాదమ్మా."

"ఔనమ్మా" అన్నాడు ఆమెన్ చెప్పిన సంఘ పెద్ద. "ఈ లోక జీవితం మనలో ఎవరిదీ కాదు."

సెక్రటరీ ప్లేటు కూడా తీసుకోకుండా వచ్చాడు. "సారీ ఆంటీ. బెలూన్ దగ్గరే డౌట్ వచ్చింది. ఆపితే అంకుల్‌కి డిస్‌రెస్పెక్ట్ అవుద్దేమో అని..."

"నేనూ ఆపలేదుగా."

పెద్దాయన నన్ను ఒక్క మాట అడిగాడు. కూలిన విమానంలో ఆ ఇద్దరి సంగతి కూడా చదివారా? చదివారన్నాను. బస్సు కడిగిన సంగతి? అదీ చదివారు. ఆయన తల ఊపి, కాగితం తను ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఇచ్చాను. దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకుని, బిర్యానీ వద్దని చెప్పి, ఒక అరటిపండు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇంటి ముందు కారు ఆపేసరికి ఫోన్ మోగింది. కాకినాడ నంబరు.

"వదినా."

పదహారేళ్ల తర్వాత విన్నా గొంతు పోల్చుకున్నాను. "చెప్పయ్యా."

"అన్న ఉద్యోగం ఎప్పుడు పోయింది వదినా?"

నాకు అర్థం కాలేదు.

"లైవ్‌లో కొంచెమే వినబడింది. ఎడారిలో పని చేశాడంట. టీ తాగుతుంటే పట్టుకుని లోపలేశారంట. వేరుశనగ చేలో కూలికెళ్లాడంట. స్కూలు బస్సు తోలాడంట." ముక్కు ఎగబీల్చాడు. "తర్వాత మళ్లీ సౌండు పోయింది. అంత కష్టంలో ఉండి నాకొక్క ఫోను చెయ్యలేదేంటి వదినా? అంత కానివాణ్ణయ్యానా? ఇల్లు తాకట్టు పెట్టైనా పంపేవాణ్ణి కదా."

"అది మీ అన్న గురించి కాదయ్యా. పొరపాటున వేరే ఆయనది చదివారు. మీ అన్నకి ఉద్యోగం పోలేదు."

అటు వైపు టీవీ కట్టేసిన చప్పుడు వినబడింది.

"నేను నమ్మేశాను" అన్నాడు. "నాకేం తెలుసు, అన్న అక్కడ ఏం చేశాడో. ఏం చెప్పినా నమ్మేవాణ్ణే."

లోపలికి వెళ్లాను. టేబుల్ మీద బ్లూ ఫోల్డర్‌లో నా కాగితం అలాగే ఉంది. "అసలుది చదవనా?" అన్నాను.

"చదువు వదినా."

నిలబడే చదివాను. పదకొండు లైన్లకి రెండు నిమిషాలు కూడా పట్టదు. తొమ్మిదోది చదివి ఆగాను. తీసేయమంటాడనుకున్నాను.

"పదహారు కాదు" అన్నాడు. "పదిహేడు. మొన్న ఈస్టర్‌కి పదిహేడు నిండాయి. నేను లెక్కపెట్టుకుంటున్నా."

"అయితే దిద్దుతాను."

"దిద్దు. ఉంచు. తీసెయ్యకు."

మా ఆయన పెన్ను తీసుకున్నాను. పదహారు మీద ఒక్క గీత కొట్టి, పక్కన పదిహేడని రాసి, సంతకం చేసి, తేదీ వేశాను. మిగతా రెండు లైన్లు చదివాను. "బావుంది వదినా. అన్న రాసినట్టే ఉంది" అన్నాడు. రాయి సంగతి అతను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

మరుసటి నెల సంఘం కమిటీ కూర్చుని ఒక తీర్మానం చేసింది. ఎవరి తప్పూ కాదని అందరూ అన్నారు. ఇప్పుడు ఎవరైనా పోతే స్క్రీన్ మీద ఫోటోలు వేస్తారు, కీబోర్డు మెల్లగా వాయిస్తారు. మా చర్చిలో జీవిత విశేషాలు చదవడం లేదు.